చింపని కవరులో సినిమా

మా ఇంట్లో టీవీ రిమోట్‌కి ఒక కవరు, ఆ కవరు మీద ఇంకో కవరు. సోఫాతో పాటు వచ్చిన ప్లాస్టిక్ తొడుగు ఎండాకాలంలో చెమటకు ఒంటికి అతుక్కుంటుంది, లేస్తే చర్రుమంటుంది, అయినా తీయరు. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాడు అంటించిన పల్చటి పొర అంచులు లేచి, మురికి పట్టి, అసలు ఫ్రిజ్‌ది ఏ రంగో మాకే గుర్తులేదు. ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలో మా సందులో ఏ ఇంటికి పోయినా ఇదే వరస. కొత్త కారు సీట్ల కవర్లు కారు అమ్మే రోజు దాకా ఉంటాయి. ఆ మెరుపు కొన్నవాడికి కాదు, తర్వాత వచ్చేవాడికి.

పెళ్లయి వచ్చిన మొదటి నెలలోనే నేను దీని మీద గొడవ పెట్టుకున్నాను. "వాడుకునేటందుకు కొంటమా, కావలి కాసేటందుకు కొంటమా?" అన్నాను. అత్తమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సదువుకున్న పిల్లవు, ఖరాబైతె మల్ల నువ్వు తెస్తవా?" అంది. ఇరవై ఎనిమిదేళ్లయింది. ఆ గొడవ ఇంకా తెగలేదు.

నిరుడు మా ఆయన ఒక సినిమా పెట్టె పట్టుకొచ్చాడు. పాత సినిమా. దానికి మళ్లీ రంగులు దిద్ది, యాభై ఏళ్ల పండగ అని పేరు పెట్టి, బ్లూరే డిస్కు ఒకటి, డీవీడీ ఒకటి, నెట్‌లో చూసుకోవడానికి కోడ్ ఉన్న చీటీ ఒకటి, మూడూ ఒకే పెట్టెలో సర్ది అమ్ముతున్నారు. ఒకే సినిమా, మూడు రకాలు.

"మనింట్ల బ్లూరే మెషిన్ ఉందా?" అని అడిగాను.

"లేదు."

"డీవీడీది?"

"సజ్జ మీదుంది. నడవది."

"మరి కోడ్ ఎట్ల కొట్టాల్నో ఎరికేనా?"

"సూస్తె తెలుస్తది తియ్యే. మూడున్నయ్ కదా, ఒకటి గాకపోతె ఒకటి నడుస్తది."

"అంటే మూడు తాళాలు తెచ్చినవ్, తలుపు తేలే" అన్నాను.

ఆయన నాతో వాదించడు. అదే నాకు ఒళ్లు మండే విషయం. పెట్టెను తల్లి చేతిలో పెట్టి, "అమ్మా, నీ సినిమా" అన్నాడు. నేను అక్కడితో నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "దండగ" అన్నాను.

అది ఇంకెవరి సినిమానో కాదు, ఆవిడదే. పెళ్లయిన కొత్తలో అత్తమ్మ నాచారంలో దారం మిల్లులో పనిచేసేది. ఒకనాడు సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు సినిమావాళ్లు వచ్చి మిల్లు గేటు ఎదుట కెమెరా పెట్టారు. నటులతో పాటు నిజంగా పనిచేసే ఆడవాళ్లు కావాలన్నారు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోజూ ఎట్లా వస్తారో అట్లాగే బయటికి నడిచి రమ్మన్నారు. ఇప్పుడు ఆ మిల్లు లేదు. ఆ గేటు ఉన్నచోట ఒక ఫంక్షన్ హాలు వాళ్లు కార్లు నిలుపుకుంటున్నారు. కథ మాత్రం మా ఇంట్లో ఉంది, వచ్చిన ప్రతి చుట్టానికీ ఆవిడ వినిపిస్తుంది.

"'కెమెరా దిక్కు సూడకుండ్రి, సూడకుండ్రి' అని మైకుల ఒకటే మొత్తుకునుడు. అందరు నెత్తి కిందికేసుకొని నడిసిన్రు, సావుకు పోయినట్టు. నేను సూసిన. ఎందుకు సూడొద్దు? వాడు నన్ను సూస్తలేడా?"

ఆ సినిమా ఉప్పల్ టాకీసులో ఆడినప్పుడు ఆవిడ వెళ్లింది. చంకలో ఏడాది పిల్లాడు. సరిగ్గా మిల్లు గేటు తెర మీదికి వచ్చే సమయానికి వాడు కీక పెట్టాడు. చుట్టూ జనం కసురుకుంటే బయటికి ఎత్తుకుపోయి, సముదాయించి, తిరిగి లోపలికి వచ్చేసరికి కథానాయిక ఆస్పత్రిలో ఏడుస్తోంది. మళ్లీ వెళ్లనివ్వలేదు ఇంట్లోవాళ్లు. ఆ కీక పెట్టినవాడు మా ఆయన.

టీవీలో ఆ సినిమా చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ ఆ ముక్క లేదు, ప్రకటనల కోసం ఎక్కడో కోసేశారు. ఫోన్లో వెతికితే పాటలు తప్ప ఏమీ దొరకలేదు. అత్తమ్మ పెళ్లికి ఫోటో తీయలేదు. మిల్లులో ఇచ్చిన బిళ్ల మీద నంబరే, మొహం లేదు. ఆవిడకున్న మొదటి ఫోటో నా పెళ్లిలోది, అందులో అప్పటికే నుదుటి దగ్గర వెంట్రుకలు నెరిశాయి. "నేనెట్లుంటినో నాకే తెల్వది పిల్లా" అనేది ఒక్కోసారి, కూరగాయలు తరుగుతూ, ఏదో ఉప్పు చాల్లేదన్నట్టు.

పెట్టె వచ్చేనాటికి ఆవిడ కళ్లకు నీటికాసులని తేలింది. ఒక కన్ను సగానికి పైగా పోయింది. రెండోది పక్కల నుంచి మూసుకుంటూ వస్తోంది. ఇది మా అందరికీ తెలుసు. తెలిసి కూడా పెట్టెను షోకేసులో పెట్టాం.

ముందు ఆయన మెషిన్ కొనాలన్నాడు. తర్వాత టీవీ చిన్నదైంది, పెద్దది రావాలి. తర్వాత బోనాలకు ఆడబిడ్డలొస్తారు, అందరూ కూర్చుని చూస్తే బాగుంటుంది. బోనాలు వచ్చాయి, ఆడబిడ్డలూ వచ్చారు, తిన్నారు, ఒకరి చీరలు ఒకరు చూసుకున్నారు, వెళ్లారు. నేను ఒకసారి, "కనీసం కవరన్న సింపి లోపలేమున్నదో సూద్దాం" అన్నాను. అత్తమ్మ పెట్టెను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "సింపకు. డిస్కులకు గాలి తగుల్తె గీతలు వడ్తయ్."

"గాలికి గీతలు పడతయా అత్తమ్మా?"

"మన దిక్కు గాలి ఎసొంటిదో నీకు తెల్వదా?" అంది. జవహర్‌నగర్ చెత్తగుట్టల మీదుగా గాలి మళ్లిన రోజు మా సందులో కిటికీలు తెరవం. పెట్టె మళ్లీ షోకేసులోకి పోయింది.

నేను కామర్స్ చదివినదాన్ని. సబ్బు కొన్నా వెనకాల చిన్న అక్షరాలు చదవందే బుట్టలో వేయను. ఆ పెట్టె వెనకాల కూడా చిన్న అక్షరాలున్నాయి. సగం దుకాణంవాడి ధర చీటీ కింద పడ్డాయి. గోటితో గీకితే వచ్చేసేది. శుక్రవారం శుక్రవారం దుమ్ము తుడిచాను గాని గీకలేదు. దండగ అన్న వస్తువును చదివితే నా మాట పలచనవుతుందని. ఎనిమిది నెలలు ఆ పంతం తుడుచుకుంటూ కూర్చున్నాను.

మొన్న దవాఖానాలో డాక్టరమ్మ అత్తమ్మ కంట్లో లైటు వేసి చూసి, చుక్కలు మార్చి, నావైపు తిరిగి అంది: "పోయిన చూపు రాదు. ఉన్నదాన్ని కాపాడాలి. ఎంతకాలం అంటే నేను చెప్పలేను."

ఆటోలో తిరిగి వస్తున్నాం. రింగ్ రోడ్డు దగ్గర మెట్రో స్తంభాలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, "ఇవి ఎన్ని ఉన్నయో ఏమో, ఒకటే కనవడ్తుంది" అంది అత్తమ్మ. ఇంటికి రాగానే నేను చెప్పులు కూడా విప్పకుండా షోకేసు తెరిచి పెట్టె తీసి కత్తెరతో కవరు కోశాను. మా ఆయన నోరు తెరిచాడు. అత్తమ్మ మాత్రం ఈసారి వద్దనలేదు.

ముందు కోడ్ చీటీ పడింది. దాని మీద గడువు తేదీ. ఆ గడువు దాటి అప్పటికే ఆరు వారాలు. తేదీని చీటీ మీద వేసి, చీటీని పెట్టెలో పెట్టి, పెట్టెకు కవరు చుట్టి అమ్మారు.

"పోతె పోనియ్యి, ఇంక రెండున్నయ్" అన్నాడు మా ఆయన.

సజ్జ మీది డీవీడీ మెషిన్‌ను ఉప్పల్‌లో రిపేరు షాపుకి తీసుకుపోతే, షాపాయన దాన్ని చూసి సంతోషపడ్డాడు, చచ్చిపోయిందనుకున్న దోస్తు కనిపించినట్టు. రెండు రోజుల్లో నడిపించి ఇచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. అత్తమ్మ కుర్చీని టీవీకి మూరెడు దూరంలో వేశాం. పాటలన్నీ వచ్చాయి. కొట్లాటలన్నీ వచ్చాయి. మిల్లు గేటు రాలేదు. ఒక సీనులో కథానాయకుడు మిల్లుకి పోతానంటాడు, మరుసటి సీనులో కథానాయిక ఆస్పత్రిలో ఏడుస్తోంది.

"మల్ల గీడికే వచ్చినం" అంది అత్తమ్మ. "ఇప్పుడెవలు ఏడ్సిన్రు?"

మా ఆయన తల దించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

ఇక బ్లూరే. ఆయనతో పనిచేసే ఒకాయన ఘట్‌కేసర్ దగ్గర కొత్త ఇంట్లో ఉంటాడు, వాళ్లకు మెషిన్ ఉంది. ఆదివారం పొద్దున మా ఆయన వెళ్లి అడిగి తెచ్చాడు. అదీ తొడుగులోనే ఉంది.

బొమ్మ ఎంత బాగుందో చెప్పలేను. యాభై ఏళ్ల నాటి ఎండ నిన్నటి ఎండలా ఉంది. మిల్లు గేటు వచ్చింది. నేను అత్తమ్మ భుజం పట్టుకున్నాను. ఆడవాళ్లు వస్తున్నారు, తల వంచుకుని, ఆవిడ చెప్పినట్టే. వెనక వరసలో ప్రతి మొహమూ స్పష్టంగా ఉంది. కెమెరాకు అందరికంటే దగ్గరగా ఒక మనిషి నడిచింది. చుక్కల చీర, చేతిలో మూడు గిన్నెల టిఫిన్ డబ్బా, పిడికి గుడ్డ పేలిక కట్టి ఉంది. ఆ మనిషి ఆగింది. భుజం ఇటు తిరిగింది. భుజం పైన మెడ, మెడ పైన తెర అంచు.

పాత సినిమాలు కొంచెం చదరంగా ఉంటాయి. ఇప్పటి టీవీలు అడ్డంగా పొడుగు. తెర నిండుగా కనబడాలని పైనా కిందా కోసేశారు. దూరంగా ఉన్నవాళ్లకు ఏమీ కాలేదు. దగ్గరికి వచ్చినదానికి తల పోయింది.

"వచ్చిన్నా?" అంది అత్తమ్మ.

మా ఆయన నావైపు చూశాడు. ఈ ఇంట్లో చేదు మాట చెప్పే పని ఎప్పుడూ నాదే.

"వచ్చినవ్. డబ్బ కనవడ్తుంది. చీర కనవడ్తుంది. మొకం పైన కోసేసిన్రు."

"ఆ డబ్బకు గుడ్డ ఉందా? కాలుతదని కట్టేదాన్ని."

"ఉంది."

"సూడొద్దంటె సూసిన కదా. అందుకే తలకాయ తీసిన్రు" అంది.

నేను లేచి కోడ్ చీటీ వెతికాను. చెత్తబుట్టలో ఉంది. ఈసారి అన్ని అక్షరాలూ చదివాను. తర్వాత పెట్టె వెనకాల ధర చీటీ గీకి అదీ చదివాను. డీవీడీ: నిడివి తగ్గించినది. బ్లూరే: తెర నిండా వచ్చేది. కోడ్‌తో చూసేది: నాడు టాకీసులో వేసిన కొలతలోనే, ఒక్క అంచూ కోయనిది.

పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి, పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడింది. "క్షమించండి మేడమ్, మీ కోడ్ గడువు ముగిసింది. వేరే కోడ్ ఇచ్చే వీలు లేదండి. ఇంకేమైనా సహాయం కావాలా?"

"కావాలె. ఒక తలకాయ కావాలె" అన్నాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఫోన్ పెట్టేశాక అది గుర్తొచ్చింది.

"మూడోదాంట్ల ఉంటినా?" అని అడిగింది అత్తమ్మ. అన్నీ విన్నది మరి. చెవులకేం కాలేదు.

లేవు అంటే సరిపోయేది. అబద్ధం నాకు చేతకాదని కాదు, ఆవిడ దగ్గర ఎన్నడూ ఆడలేదు. "నిండుగ ఉన్నవ్ అత్తమ్మా. కవరు సింపక పోగొట్టుకున్నం."

ఆవిడ, "నేనే కదా సింపొద్దన్న" అంది.

ఇరవై ఎనిమిదేళ్లు ఈ మాట ఆవిడ నోట వినాలని కాచుకున్నాను. వింటే ఎంత తృప్తిగా ఉంటుందో లెక్కలు కూడా వేసుకున్నాను. వచ్చింది, నాకు ఎందుకూ పనికిరాలేదు. నేను వెంటనే అవతలి పక్షానికి మారి వాదించడం మొదలుపెట్టాను. "నువ్వేం చేసినవ్? అచ్చరాలు సదివేదాన్ని నేను. నేను సదవలే. నీ కొడుకు మెషిన్ లేకుండ పెట్టె తెచ్చిండు."

"నన్నెందుకు గుంజుతవే?" అన్నాడాయన.

"గుంజకుంటె ఈ తప్పంత అత్తమ్మ ఒక్కతే మొయ్యాల్నా?"

ఒకే సినిమాను మూడు రకాలుగా కొనడం దండగ అని నేను ఎనిమిది నెలలు అన్నాను. కాదు. మూడు ఉండబట్టే ఒకదానిలో ఆవిడ మొహం ఉంది. కొనడం వరకు మా ఆయనదే ఒప్పు. ఈ మాట ఆయనతో ఇంకా చెప్పలేదు. కొనండి, కొనకపోండి, మీ ఇష్టం. కొంటే మాత్రం దుకాణం మెట్ల మీదే కవరు చింపండి.

మేమిద్దరం అట్లా అరుచుకుంటుంటే అత్తమ్మ ఒళ్లోకి రిమోట్ తీసుకుని వేళ్లతో తడిమింది. రెండు కవర్ల మీద నుంచి ఏ బటనూ తగల్లేదు. పై కవరు మూల పంటితో పట్టి లాగింది. తర్వాత లోపలిది. చప్పుడుకు మేము మాట ఆపి చూశాం. చింపిన ముక్కలను మడిచి జాకెట్‌లో దోపుకుంది, అలవాటు.

"యాడుందే ఎనకకు పోయేది?" అంది.

ఆవిడ వేలు పట్టుకుని బటన్ మీద పెట్టాను. మిల్లు గేటు మళ్లీ వచ్చింది. ఆడవాళ్లు తల వంచుకుని నడిచారు. చుక్కల చీర మనిషి డబ్బాతో వచ్చి ఆగి ఇటు తిరిగింది. అత్తమ్మ ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగి, మిగిలిన ఆ కాస్త కంటితో, కన్ను ఆర్పకుండా దాన్నే చూసింది.