పన్నెండు ఫారాలు, ఒక జత చెప్పులు

ఇప్పటికీ ఎవరన్నా "నిజం చెప్పు" అని గట్టిగా అడిగితే నా చూపు ముందు నా కాళ్ళ మీదికి పోతుంది, చెప్పులున్నాయా లేవా అని. నవ్వుకోండి, నాకేం. ఒక ఎమ్మే చదవబోయి తెచ్చుకున్న జబ్బు ఇది.

ఆ ఎమ్మే పేరు చెబితే మా మదనపల్లెలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర, రాజనీతి అన్నీ కలిపి రెండేండ్ల చదువు. డెబ్భైల చివర్లో తిరుపతి యూనివర్సిటీలో కొత్తగా పెట్టినారు. మా మేనమామ దానికి "కలగూరగంప ఎమ్మే" అని పేరు పెట్టినాడు. "అది చదివితే డాక్టరవుతావా, ప్లీడరవుతావా? ఏదీ కాకపోతే యాలమ్మా ఆ చదువు?" అనేవాడు. మా నాయన మాత్రం మగ్గం మీద కూర్చోనే దారినపోయేవాళ్ళను పిలిచి, "నా బిడ్డ నాలుగు చదువులు కలిపిన చదువు చదవతాండాది" అని చెప్పుకొనేవాడు. ఆ మాట వింటే నాకు సిగ్గు. చదువు చెడితే ఆయన మొహం ఎట్లుంటుందో అని అంతకు మించిన భయం. చెడితే నేను మళ్ళీ మగ్గం పక్కన కూర్చోని నూలు కండెలు చుట్టాల్సిందే. నాకు కండెలు చుట్టడమంటే చేదు. ఉండేది ఉన్నట్టు చెప్తాండాను.

రెండో ఏడు ఒక పరిశోధన వ్యాసం రాయాల. పాలమ్ముకొనే ఇండ్లల్లో ఆవును కొనాలన్నా అమ్మాలన్నా మాట చెల్లేది మొగోళ్ళదా, ఆడోళ్ళదా అనేది నా విషయం. నలభై ఇండ్లకు పోయి అచ్చేసిన ఫారాల్లో ప్రశ్నలడిగి, జవాబులు నా చేత్తో రాసుకోవాల. ఇరవై ఎనిమిది ఇండ్లు పుంగనూరు పక్క పల్లెల్లో, పన్నెండు కుప్పం పక్కన ఒక పల్లెలో.

పుంగనూరు పల్లెల్లో పని బాగానే జరిగింది కానీ నా ప్రాణం తీసినారు. మొగుడు "రెండావులు" అంటే రాసుకొనేదాన్ని. లోపల్నించి పెండ్లాం, "రెండోది మా యమ్మ ఇచ్చింది గదా, నీదెట్లయితాది?" అని అరిచేది. కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. అత్త వచ్చి ఇద్దర్నీ తిట్టి ఇంకో లెక్క చెప్పేది. మళ్ళీ కొట్టేత. ఒక ఫారం మీద ఎవరిదో పేడ చెయ్యి అచ్చుగూడా పడింది. ఇంత గలీజు కాగితాలు మేడమ్‌కు ఎట్లా ఇచ్చేదిరా దేవుడా అని నాలో నేనే తిట్టుకున్నాను.

తర్వాత కుప్పం పోయినాను. రోడ్డు మీద బస్సు దిగి, చెనిక్కాయ, అదే వేరుశనగ, చేన్ల మధ్య మైలున్నర నడిస్తే ఆ పల్లె. మొదటి ఇంటి తిన్నె కింద చెప్పులు విడిచి, తిన్నె మీద కూర్చోని, సంచిలోంచి ఫారం తీసినాను. ఒక ముసలమ్మ బయటికొచ్చింది. నా చేతిలో కాగితం చూసింది, పెన్ను చూసింది. అంతే, ఎత్తుకుంది.

"రాసుకోను వొచ్చినావా? పోయినసారి గూడా ఇట్లే తీయంగా మాట్లాడి పిల్లలెంతమందని రాసుకోని పోయినారు. నాలుగు దినాలకు జీపేసుకోని వొచ్చినారు!"

కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని జీపుల్లో ఎత్తకపోయిన కాలం దాటి అప్పటికి రెండు మూడేండ్లే. పుంగనూరులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఆలోచించలేదు. ముసలమ్మ అరుపుకు పక్కిండ్ల ఆడోళ్ళొచ్చినారు, చేన్లోంచి మొగోళ్ళొచ్చినారు. ఒకాయన చేతిలో కొడవలి ఉండింది. గడ్డి కోస్తా వచ్చినాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు పైప్రాణం పైనే పోయింది. నేను లేచి పరుగెత్తినాను. వెనకనించి ముసలమ్మ గొంతు, "పట్టుకోండ్రా ఆ పిల్లను, పట్టుకోండ్రా!" ఇంక ఆగుతానా? చెనిక్కాయ చేన్లకు అడ్డంబడి రోడ్డు చేరినాక చూసుకుంటే కాళ్ళకు చెప్పుల్లేవు.

కుప్పం స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో కూర్చోని ఏడ్చినాను. మళ్ళీ ఆ పల్లెకు పోయే దయిర్యం లేదు. పోకపోతే వ్యాసం లేదు, ఎమ్మే లేదు. కండ్లు తుడుచుకోని పన్నెండు ఫారాలూ నేనే నింపినాను. మద్యాన్నంలోగా పన్నెండు సంసారాలు పుట్టించినాను. మంచి సంసారాలమ్మా అవి! ఎవరూ తాగరు, ఎవరూ చావలేదు, పిల్లలందరూ బడికి పోతారు, మొగుడూ పెండ్లాలు ఒకే మాట మీద ఉంటారు. బజార్లో కొత్త చెప్పులు కొనుక్కోని ఇంటికొస్తే, పాతవేవని మా యమ్మ అడిగింది. బస్సులో పోయినాయని చెప్పినాను. ఒక అబద్ధానికి ఇంకొకటి.

మా గైడు ఒక మేడమ్. సన్నగా, గొడుగు లేకుండా కనిపించని మనిషి. కోస్తా జిల్లాల మాట, అదీ లెక్కపెట్టి మాట్లాడతారు. నలభై ఫారాలూ బల్ల మీద పరిచి ఒక గంట చదివినారు. నేను నిలబడే ఉన్నాను. ఆఖరికి, "ఈ పన్నెండూ ఎంత శుభ్రంగా ఉన్నాయో!" అన్నారు.

"కుప్పానికి వచ్చేసరికి చెయ్యి తిరిగింది మేడమ్," అన్నాను.

"సరే. గురువారం మనిద్దరం ఆ ఊరు వెళ్దాం. నేను పలమనేరు బస్టాండులో ఉంటాను."

తిరుపతి నించి ఇంటికొచ్చినాక అన్నం దిగలేదు. గాలి సోకిందని మా యమ్మ దిష్టి తీసింది. దొంగకు తేలు కుట్టినట్టుండింది నా బతుకు, పైకి అరిచేదానికి లేదు. జ్వరమని టెలిగ్రాం ఇస్తామా అనుకున్నాను. ఊర్లోవాళ్ళు బెంగుళూరు కూలికి పోయినారని చెబుదామా అనుకున్నాను. పన్నెండు ఇండ్లూ ఒకేసారి పోతాయా? యూనివర్సిటీ రిజిస్టర్లో నా పేరు కొట్టేస్తారు, నాయన ఇంక దారినపోయేవాళ్ళను పిలవడు. గురువారం పొద్దున బస్సెక్కేటప్పుడు నాయన మగ్గం ఆపి, "మేడమ్ నీ కోసరం అంత దూరం వస్తాండారంటే నువ్వెంత బాగా రాసింటావో మా," అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

పలమనేరులో మేడమ్ ఎక్కి నా పక్కన కూర్చున్నారు. కుప్పం దాకా వాన గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు. నాకు చెప్పేయాలని నోటిదాకా వచ్చేది, మళ్ళీ మింగేదాన్ని. కొత్త చెప్పులు కరిచి మడిమలు మంట. పల్లె మొదట్లో మేడమ్ నిలబడి, "మొదటి ఫారం ఇల్లు ఏది?" అన్నారు.

నాకు ఆ ఊర్లో తెలిసిన ఇల్లు ఒక్కటే. నేను చెప్పకముందే నా చెయ్యి దానికల్లా లేచింది.

ముసలమ్మ తిన్నె మీద చెనిక్కాయలు వలస్తాండాది. తలెత్తి నన్ను చూసింది. కాయలు పక్కన పెట్టి లోపలికి పోయింది. ఈసారి ఏం తెస్తుందో, రోకలా, చీపురా అని నేను మేడమ్ వెనక నక్కినాను. ఆమె తెచ్చింది నా చెప్పులు. తెగిన పట్టీకి నేను పెట్టుకున్న పిన్నీసుతో సహా.

"కుక్కలెత్తుకోని పోతాయని అటక మీద పెట్టినాను. పట్టుకోండ్రా ఆ పిల్లను, సెప్పులిడిసి పోతాండాదని అరిస్తే, నువ్వేంది అమ్మణ్ణీ, ఎనక్కి తిరిగి సూడకుండా పరిగెత్తితివి! ఒక మాట అడిగింది లేదు, ఒక మాట సెప్పింది లేదు."

అన్నీ చెప్పేసింది ఆ మహాతల్లి. మేడమ్ నా మొహం చూడలేదు. సంచిలోంచి రెండు కట్టలు తీసినారు. ఒకటి నా పన్నెండు ఫారాలు. రెండోది పన్నెండు ఖాళీ ఫారాలు. తిరుపతిలో బయల్దేరేటప్పుడే లెక్కపెట్టి తెచ్చినారు.

"పుంగనూరు కాగితాల్లో కొట్టివేత లేనిది ఒక్కటీ లేదు. ఏ ఇంట్లోనూ ఒక మనిషి చెప్పిందానికి ఇంకో మనిషి ఊరుకోడు. ఈ పన్నెండిళ్ళలో ఎవరూ ఎవరికీ అడ్డు చెప్పలేదు. అప్పుడే అనుకున్నాను," అన్నారు. ఖాళీ కట్ట నా చేతిలో పెట్టి, "కూర్చుని అడుగు," అన్నారు.

నేను భోరుమని ఏడ్చినాను. ముసలమ్మకు ఏమీ తెలియకపోయినా నా పక్కన కూర్చునింది. "నీ పెన్ను సూసి మాకు బయం. మమ్మల్ని సూసి నీకు బయం. ఇంగ ఎవురికెవురు దయిర్యం సెప్పేది? అడుగు, అడుగు," అనింది.

ఫారంలో మొదటి ప్రశ్న పిల్లలెంతమంది అని. ఇంతకుముందు ఇరవై ఎనిమిదిసార్లు అడిగిన ప్రశ్న, ఆ పొద్దు నోరు పెగల్లేదు. ఎట్లో అడిగినాను.

"ముగ్గురు," అనింది. రాసుకున్నాను.

లోపల్నించి కోడలు, "నలుగురు గదా అత్తా," అనింది.

ముసలమ్మ చెనిక్కాయ వలవడం ఆపింది. "ఆ, నలుగురే. సిన్నోడు జీపెక్కి పోయె. ఆపరేషన్ సేసి తెచ్చి ఇడిసిపెట్టిరి. పుండు మానలా. నెలన్నా బతకలా." నేను మూడు కొట్టేసి నాలుగు వేసినాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మా, ముగ్గురనే రాయి. నలుగురని రాస్తే, మళ్ళీ ఎవురో ఒకరొచ్చి నాలుగోవాడు యాడుండాడని అడగతారు."

నాలుగు కొట్టేసినాను. ఒక్క సన్నగీత, కింద అంకె కనబడేటట్టు. పక్కన మళ్ళీ మూడు వేసినాను.

ముసలమ్మ మాకు కాఫీ పెడతానని పొయ్యి అంటించబోతే మేడమ్ నా దొంగ ఫారాల కట్ట ఆమెకిచ్చినారు. నా పన్నెండు మంచి సంసారాలూ ఆ పొయ్యిలో పోయినాయి. కాఫీ తాగి మిగతా పదకొండిండ్లకూ ముసలమ్మే దగ్గరుండి తీసుకపోయింది. సాయంత్రం బస్సులో మేడమ్ ఒకే మాట అన్నారు, "ఈ సంగతి నీకూ నాకూ మధ్యనే." ఆమె బతికున్నన్ని రోజులూ అట్లే ఉండింది.

వైవాకు మద్రాసు నించి ఒక పెద్దాయన వచ్చినారు. ఫారాలు తిప్పతా తిప్పతా ఆ ఫారం దగ్గర ఆగి, గడి మీద వేలు పెట్టినారు. "ఇదేమిటమ్మా, ఒక్క అంకెకు ఇన్ని కొట్టివేతలు? పొరపాటున రాసింది ఏది?"

ఇప్పుడు తప్పు మాట అంటే రెండేండ్ల చదువూ పోతుంది. మేడమ్ కిటికీకల్లా చూస్తాండారు. టేబుల్ కింద నా కాళ్ళకు పిన్నీసు పెట్టిన పాత చెప్పులే ఉండాయి.

"పొరపాటున రాసింది ఏదీ లేదు సార్," అన్నాను. "ఆ తల్లి ముగ్గురని రాయమనింది, రాసినాను. ఆ గీత కింద ఉండేది గూడా చదవండి."