ఖాలిక్ కుట్టిన నల్ల గౌన్లు

విజయవాడ వన్‌టౌన్‌లో ఖాలిక్ టైలరు కొట్టుకెళ్ళి, "గ్రాడ్యుయేషన్ గౌను మీద నా పేరు కుట్టిపెట్టండి" అని అడిగినవాడు చీవాట్లు తినకుండా తిరిగొచ్చింది లేదు.

ఆ గౌన్లు కుట్టింది ఆయనే మరి. ఎనిమిదేళ్ళ కిందట బందరు రోడ్డు మీది ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు పట్టాలిచ్చే రోజు కోసమని రెండు వందల నలభై నల్ల గౌన్లు, మెడలో వేసుకునే మెరూన్ శాటిన్ పట్టీలు, కుచ్చు టోపీలు ఆర్డరిచ్చారు. ఖాలిక్ కత్తిరించి మిషను మీద కుట్టాడు. అంచులన్నీ ఆయన భార్య జమీలా చేత్తో మడిచి కుట్టింది. ఆమె ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఒళ్ళో గౌను పరుచుకుని, "మన సనోబర్ ఇది ఎప్పుడు తొడుక్కుంటుందో" అని కూతుర్ని తలుచుకునేది. మూడేళ్ళ కిందట జమీలా కామెర్లు వచ్చి పోయింది.

ఏటా పిల్లలు తొడుక్కుని విప్పేశాక గౌన్లు ఉతుక్కీ బాగుకీ ఖాలిక్ దగ్గరికే వస్తాయి. మొదట్లో వెళ్ళినవి వెళ్ళినట్టే వచ్చేవి. ఈ నాలుగైదేళ్ళుగా పిల్లలకేం పూనిందో గాని, ఒకడు వీపు మీద బైకు నంబరు అంటించుకున్నాడు. ఒకమ్మాయి టోపీ నిండా జిగురు పూసి ముత్యాలు అతికింది. ఇంకో మహానుభావుడు "పదకొండు బ్యాక్‌లాగులు, అయినా పాస్" అని వెండి రంగుతో రాసుకుని, అలాగే స్టేజీ ఎక్కి ముఖ్య అతిథి చేతి మీదుగా పట్టా పుచ్చుకున్నాడు. జిగురు వదలదు, రంగు పోదు, పిన్నీసు గుచ్చిన చోట శాటిన్ చీరుకుపోతుంది. గోకి, ఉతికి, అతుకు వేసేటప్పటికి ఖాలిక్‌కు తల ప్రాణం తోకకొచ్చేది.

"పెళ్ళికొడుకు షేర్వానీ మీద బైకు నంబరు రాసుకుంటాడా అండీ?" అని కొట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ నిలదీసేవాడు. "అది మర్యాద కోసం తొడిగే బట్ట. ఎవరి పిల్లలైనా ఒక్కలాగే కనపడాలనే కదా అన్నీ నల్లగా కుట్టింది! ఎవడి గోల వాడు రాసుకుంటే ఇంక ఆ సభకి విలువేముంది?"

ఈ ఏడు కడుపుమంట ఆపుకోలేక నేరుగా కాలేజీకే వెళ్ళి సూపరింటెండెంటు దుర్గాప్రసాద్ గారి ముందు నిలబడ్డాడు. పాడైన టోపీలు నాలుగు బల్ల మీద పడేసి, రూలు పెడతారా, గౌన్లు ఇంకొకళ్ళకిచ్చుకుంటారా అని అడిగేశాడు. దుర్గాప్రసాద్ గారికీ అలాంటి మాటే కావాల్సి ఉంది. గౌను మీద, పట్టీ మీద, టోపీ మీద సొంతంగా ఏమున్నా గేటు దాటనివ్వమని ఆ సాయంత్రమే నోటీసు పెట్టాడు.

"ఆ రోజు గేటు దగ్గర మీరే కూర్చోండి ఖాలిక్ గారూ. విప్పే పని మీ చేతుల్లో అయితే బట్ట పాడవదు" అన్నాడు.

ఖాలిక్ సంబరంగా ఒప్పుకున్నాడు. ఈసారి పట్టా తీసుకునేవాళ్ళలో బీకాం పూర్తిచేసిన సనోబర్ కూడా ఉంది. కూతురి పండగా చూడొచ్చు, తన మాటా నెగ్గించుకోవచ్చు.

ఇంట్లో మాత్రం ఆ మాట నెగ్గలేదు. వారం ముందు సనోబర్ తన పట్టీ తెచ్చి మిషను మీద పెట్టింది.

"అబ్బా, దీని చివర అమ్మీ పేరు కుట్టిపెట్టు. చిన్నగా చాలు" అని తండ్రిని అడిగింది.

"నోటీసు చూళ్ళేదా? ఊరందరికీ వద్దని చెప్పి నా కూతురికి కుడతానా?"

"బైకు నంబరూ అమ్మీ పేరూ ఒకటేనా? అన్ని గౌన్లకీ అంచులు కుట్టిన మనిషి. ఒక్కదాని మీదైనా ఆ సంగతి ఉండకూడదా?"

"కుట్టినవాళ్ళ పేరు బట్ట మీద ఉండదమ్మా. అడగొద్దు" అని మిషను తొక్కడం మొదలుపెట్టాడు. సనోబర్ పట్టీ తీసుకుని లోపలికి పోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

సభ రోజు పొద్దున్నే శుక్రవారం వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని గేటు దగ్గర బల్ల వేయించుకున్నాడు. బ్లేడు, కత్తెర ముందు పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళ స్టిక్కర్లు పీకాడు, చెమ్కీలు రాల్చాడు. ఒకమ్మాయి పట్టీకి పాత చీర ముక్క కుట్టుకొస్తే, అది ఎవరిదని కూడా అడగకుండా విప్పి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. "కాస్త క్రమశిక్షణ ఉండాలమ్మా" అన్నాడు వెనకనుంచి.

పదకొండు దాటాక వరసలో సనోబర్ వచ్చింది. పట్టీ చివర తెల్ల దారంతో "జమీలా" అని ఉంది. ఏనాడూ సూది పట్టని పిల్ల. "జ" పక్కకి ఒరిగింది, "లా" దీర్ఘం జారిపోయింది. వేళ్ళకు సూది పోట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

ఖాలిక్ చెయ్యి బ్లేడు మీదికి పోలేదు.

"ఇది... దీన్ని వదిలేద్దామండీ" అన్నాడు పక్కనే నిలబడ్డ దుర్గాప్రసాద్ గారితో. "వాళ్ళమ్మ పేరు. ఈ గౌన్ల అంచులు కుట్టింది ఆవిడే."

"భలేవారే! ఇందాకటి పిల్ల చీర ముక్క ఎవరిదో అడిగారా మీరు? ఇప్పుడు మీ అమ్మాయిని పంపిస్తే వాళ్ళంతా నన్ను వదులుతారా? రూలు పెట్టమన్నది మీరే కదండీ!"

ఖాలిక్‌కు ఆ పెద్దమనిషి మీద కోపం రావాలి. అది కాస్తా తన మీదకే తిరిగింది. లోపల బీకాం వాళ్ళ పేర్లు పిలవడం మొదలైంది.

"విప్పెయ్ అబ్బా" అంది సనోబర్. పట్టీ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వే విప్పు. వాళ్ళెవరి చేతికీ ఇవ్వకు."

ఒక్కో అక్షరం విప్పాడు. పోగు పోగూ లాగి జేబులో వేసుకున్నాడు. దారం పోయింది గాని శాటిన్ మీద సూది రంధ్రాలు వరసగా మిగిలాయి. దగ్గరగా పట్టుకుంటే "జమీలా" అని చదవొచ్చు. వాటి మీద కాస్త తడి చేసి గోటితో నాలుగుసార్లు రుద్దితే పోగులు కూడుకుని ఆ రంధ్రాలు మాసిపోతాయి. కొత్తగా పనికి వచ్చినవాడికి కూడా తెలిసిన సంగతి అది.

దుర్గాప్రసాద్ గారు వంగి చూశాడు. "ఇవి కనపడుతున్నాయే. పోవా?"

"శాటిన్ అంతేనండీ, పోవు" అన్నాడు ఖాలిక్.

ముప్పై ఏళ్ళలో పని విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. పట్టీ తీసి కూతురి మెడలో తనే వేశాడు.