రెండుసార్లు వదిలిన ఫైలు

నాకు నోరెక్కువ. ఇంట్లోనూ అదే మాట, ఆఫీసులోనూ అదే మాట. ధర్మవరంలో ఒక చీర పాడైన రోజు, తప్పు ఎవరిదో చూడకుండా ఆ నోటితోనే తీర్పు చెప్పేశాను.

నేను హిందూపురంలో ఇంటి నుంచే పని చేస్తాను. బెంగళూరులో చిన్న కంపెనీ మాది. మగ్గం పైనుండి డిజైను ప్రకారం పోగులు లేపే జాకార్డ్‌ను నడిపే పెట్టెలు తయారు చేస్తాం. చీర డిజైను పెన్‌డ్రైవ్‌లో ఫైలుగా ఉంటుంది. పెట్టెను నడిపే మూల ప్రోగ్రాం, కెర్నల్, ఆ ఫైలును తెరిచి పట్టుకుంటే, ఏ వరుసకు ఏ పోగులు లేవాలో దాన్నుంచి తెలుస్తుంది. ఆ పట్టుకునే భాగం రాసింది నేనే, సి లాంగ్వేజ్‌లో.

ఆ రోజు మగ్గం నేసే పెద్దాయన ఒకాయన ఫోన్ చేశాడు. కొంగులో జానెడు మేర నెమళ్లు పోయి ఏదో గజిబిజి పడిందట. పెళ్లివాళ్లు చెప్పి నేయించుకుంటున్న చీర అది. జరిగింది జరిగినట్టు పెట్టె రాసుకున్న లాగ్‌ను ఇక్కడి నుంచే చూశాను. పెన్‌డ్రైవ్ క్షణంపాటు అందలేదని ఉంది. ఇంకేం, దొరికిందనుకున్నాను. మగ్గం నడుస్తుండగా పెన్‌డ్రైవ్ లాగిందెవరని గద్దించాను. తనకు స్క్రీన్ మీద చిన్న అక్షరాలు ఆనవని, డిజైను ఎంచి పెట్టేదంతా తన భార్యేనని ఆయన బెరుకుగా చెప్పాడు.

“అట్లయితే ఆయమ్మను పెట్టె దగ్గరికి రానీయొద్దన్నా” అన్నాను. ఆయన సరే సార్ అన్నాడు. ఫోన్ పెట్టేసి హాయిగా కాఫీ తాగాను.

కొన్ని నెలలకు మా టీములో చేరిన ఒక అమ్మాయి నా కోడ్‌ను రస్ట్ అనే కొత్త లాంగ్వేజ్‌లోకి మారుస్తానంది. తెరిచిన ఫైలు చుట్టూ మెమరీ తప్పులు జరగనీయని తొడుగు, మెమరీ సేఫ్ రాపర్ కడతానంది. తెరిచిన ఫైలును ఎంతమంది పట్టుకున్నారో కెర్నల్ ఒక లెక్క పెట్టుకుంటుంది. పట్టుకున్నవాళ్లు ఒక్కసారే వదలాలి. లెక్క సున్నా అయితే మెమరీలో ఆ చోటు ఇంకో ఫైలుకు పోతుంది. సి లో ఆ వదలడం మనిషికి గుర్తుండాలి. రాపర్ అయితే పని ముగియగానే తనే వదిలేస్తుంది, రెండోసారి వదలబోతే కోడ్‌ను ముందే సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు. ఇరవై ఏళ్లుగా సి రాస్తున్నవాణ్ణి, నన్ను వేలు పట్టుకుని నడిపిస్తావా అని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆ అమ్మాయి పని మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే కాల్ చేసింది. “కంపైలర్ ఒప్పుకోవట్లేదు సార్, ఇక్కడ ఫైలును రెండుసార్లు వదులుతున్నామా?”

కంపైలర్‌దే తప్పని మొదట అరిచాను. తర్వాత నా కోడ్ ఒక్కో లైనూ చదివాను. పెన్‌డ్రైవ్ అందనప్పుడు ఒకసారి వదిలాను, అదే దారి చివర మళ్లీ వదిలాను. పెన్‌డ్రైవ్‌ను ఎవరూ లాగక్కర్లేదు, మగ్గం అదురుకు ఒక్క క్షణం కదిలితే చాలు. డిజైను ఇంకా చదువుతుండగానే లెక్క సున్నా అయింది, ఆ చోట్లోకి లాగ్ ఫైలు వచ్చి కూర్చుంది. మగ్గం ఆ లాగ్‌నే నేసింది. నేను మైక్ ఆపేశాను.

సరిచేసిన ప్రోగ్రాం కొత్త పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు దిగిపోదామనిపించింది. కొరియర్లో పంపి ఫోన్లో ఒక మాట చెబితే పోలేదా అనుకున్నాను. దిగలేదు గానీ, దిగబుద్ధయిన మాట నిజం.

ధర్మవరంలో ఆయన నేస్తున్నాడు. భార్య వరండాలో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. పెట్టెకున్న పెన్‌డ్రైవ్‌ను ఎవరూ ముట్టకుండా ఎర్ర టేపు చుట్టారు. డిజైను మార్చాలంటే ఇప్పుడు పక్కింటివాళ్లను పిలుస్తున్నారట. ఆమె ఆ రోజు నుంచి పెట్టె వైపే రాలేదట. ఇదంతా ఆయన నేనేదో మెచ్చుకుంటానన్నట్టు చెప్పాడు.

నిలబడే చెప్పాను. “తప్పు అక్కది కాదన్నా. నాది.”

ఆయన నేయడం ఆపి తల వంచుకున్నాడు.

“నేను ముట్టలేదని ఆ పొద్దే చెప్పినా సార్” అంది ఆమె. “సారే చెప్పినాడు కదా అని ఈయప్ప ఇనలే.”

కొత్త పెన్‌డ్రైవ్ తీసి ఆమెకు అందించబోయాను. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంది. తీసుకుంటుందనే అనుకున్నాను.

“ఈయప్పకే ఇయ్యండి సార్. మల్లా ఏమన్నా అయితే నన్నే అంటారు” అని ఇంకో కండె అందుకుంది.

ఆయనా చెయ్యి చాపలేదు. అది పట్టుకుని ఇద్దరి మధ్యా అట్లే నిలబడిపోయాను.