అంగుళం తక్కువ తలుపు

వడ్రంగి మేస్త్రీ చదివింది ఐదో తరగతి. అదీ ఊరి బడిలో, నేల మీద కూర్చుని. అయితేనేం, పంతొమ్మిదో ఎక్కం కింది నుంచి పైకి అప్పజెప్పమంటే ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. మూడు, నాలుగు, ఐదు కొలతలతో తాడు లాగి మూల తీశాడంటే మూలమట్టం సిగ్గుపడాల్సిందే. మూడంతస్తుల మేడకు చెక్కమెట్లు కట్టినప్పుడు లెక్కంతా అరచేతి మీదే వేశాడు. కళ్లు మూసుకుని ఎక్కినా ఆ మెట్ల మీద కాలు తడబడదు. నలభై ఏళ్లలో ఆయన చేసిన తలుపు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ మాట అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకూ చెబుతాడు.

ఆయన టేపుకు మాత్రం మొదటి అంగుళం లేదు. ఎప్పుడో విరిగిపోయింది. అందుకని గుమ్మం కొలిచి, టేపు మీద కనబడిన అంకె అరుస్తాడు. అవతల రంపం పట్టుకున్న బావమరిది అందులోంచి ఒకటి తీసేసి, తన మంచి టేపుతో చెక్క కొలిచి కోస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. బావమరిది టేపు అడిగి పుచ్చుకోవడం మేస్త్రీకి సుతరామూ ఇష్టం లేదు.

ఆ రోజు బడిలో పుస్తకాల గదికి తలుపు పెట్టాలి. ఇది కుదిరితే మిగతా ఇరవై గదుల తలుపులూ మేస్త్రీవే. కుదరకపోతే ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తానని పెద్ద టీచరమ్మ ముందే చెప్పేసింది. పైగా ఆవిడ లెక్కల టీచరు.

"ఎంత వచ్చింది మేస్త్రీ గారూ?" అంటూ వచ్చి పక్కనే నిలబడింది.

టేపు ముప్పై ఏడు చూపిస్తోంది. లెక్కల టీచరు ముందు లేని అంగుళం కలిపి చెప్పడం మేస్త్రీకి నామోషీ అనిపించింది. మనసులోనే ఒకటి తీసేసి, గొంతు సవరించుకుని, "ముప్పై ఆరు!" అన్నాడు గది దద్దరిల్లేలా.

వరండాలో బావమరిది విన్నాడు. అలవాటు ప్రకారం తానూ ఒకటి తీసేశాడు. రంపం నడిచింది.

తలుపు తెచ్చి నిలబెడితే పక్కన ఇంత సందు. పెద్ద టీచరమ్మ బొటనవేలు పెట్టి చూసింది. హాయిగా దూరింది.

"ఇదేంటండీ, పుస్తకాలకు గాలాడాలనా?"

మేస్త్రీ బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"ఒరేయ్, ఎంత కోశావురా?"

"ముప్పై అయిదు."

"నేనెంత చెప్పాను?"

"ముప్పై ఆరు. ఒకటి తీశా. రోజూ తీసేదేగా బావా!"

"నేను తీసే చెప్పానురా!"

"తీశానని చెప్పావా మరి? మా అక్క పెళ్లయినప్పటి నుంచీ నేనేగా తీస్తోంది. ఇవాళ నీకెందుకు పుట్టిందీ బుద్ధి?"

పెద్ద టీచరమ్మ కూడా అదే అడిగింది, "అవును, ఇవాళే ఎందుకు?" అని.

చెక్క ఎండకు కుంచించుకుపోయిందన్న అబద్ధం మేస్త్రీ నాలుక చివరిదాకా వచ్చింది. బావమరిది ముఖం చూసి మింగేశాడు.

"మీరు లెక్కల టీచరు కదమ్మా. నా టేపు విరిగిందని మీకు తెలియకూడదని నేనే తీసి చెప్పాను. వీడి తప్పేం లేదు, తప్పు నాది."

ఆ మాట అనడం కన్నా మూడంతస్తుల మెట్లూ మళ్లీ కట్టడం తేలిక.

"సాయంత్రం దాకా గడువిస్తాను" అంది ఆవిడ.

మేస్త్రీ నల్లచెక్కలోంచి అరంగుళం పట్టీలు రెండు కోసి, చిత్రిక పట్టి, తలుపుకు చెరోపక్క జిగురు పెట్టి మేకులతో బిగించాడు. వాటి కొలతకు బావమరిది టేపే అడిగాడు. బావమరిది రెండు చేతులతో అందించాడు, శాలువా కప్పుతున్నంత ఠీవిగా.

సాయంత్రం తలుపు గుమ్మంలో చక్కగా కూర్చుంది. పెద్ద టీచరమ్మ వేలు పెట్టి చూసింది. ఈసారి గోరు కూడా దూరలేదు. నల్ల అంచులను నిమిరి, "ఇలాంటివి ఫ్యాక్టరీలో దొరకవు. మిగతా ఇరవై కూడా ఇలాగే చేయండి" అంది.

మేస్త్రీ ఛాతీ మళ్లీ విచ్చుకుంది.

"బావా," అన్నాడు బావమరిది మెల్లగా, "అంటే ఇకనుంచి ఇద్దరం తీయాలా?"

"నోర్ముయ్యరా!" అంటూ మేస్త్రీ పక్క గది గుమ్మానికి టేపు పట్టాడు. అంకె చూసి, టీచరమ్మకు కూడా వినబడేలా అరిచాడు:

"ముప్పై ఏడు! విరిగినదానికొకటి, పట్టీలకొకటి, రెండు తీసి కొయ్యరా!"