నా డిజైన్, నా చేతే ప్రింటు

నా డిజైన్ దొంగిలించి, ఈ రోజు నా చేతే ఫ్లెక్సీ కొట్టించారు. రాబోయే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ తెర ఎలా ఉంటే బాగుంటుందో ఊహించి, నెలల తరబడి గీసి, నా పేరుతో ఈ గ్రూపులోనే పోస్ట్ చేశాను. అరసవల్లి రోడ్డులోని ఒక కంప్యూటర్ సెంటర్ సారు దాన్నే "మా విద్యార్థి సృష్టి" అని ఫ్లెక్సీ వేయించుకోడానికి నేను పనిచేసే ప్రింటింగ్ షాపుకి తెచ్చాడు.

"సార్, ఇది నేను సేసింది," అన్నాను.

"ఫ్లెక్సీలు కొట్టుకునేవోడివి, నీకేటి తెలుసురా ఇవన్నీ?"

"ఈ తెర మీద కేలెండర్‌లో 'అమ్మకి బీపీ మాత్రలు' అని నేను రాసింది ఉన్నాది, సూడండి. మీ విద్యార్థి ఎవరమ్మకి కొంటన్నాడు?"

డిజైన్ మీద నా పేరు చెరిపినోళ్లు అది చదవనేలేదు. సారు నవ్వేశాడు. మా ఓనరు గుడ్లురిమాడు, ప్రింటు కొట్టిచ్చాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

కంప్యూటర్ సెంటర్ సారూ, ఆ ఫ్లెక్సీ మీద నా పేరు వేయిస్తారా, దాన్ని దింపుతారా? రేపు సాయంత్రం ఐదులోగా ఇక్కడే జవాబు రాయాలి.