మామగారి కారుకి ఒక్క బోల్టు

తోడల్లుడి మాటెత్తితే చాలు, మెకానిక్కుకి ఒళ్లు మండేది. పెద్దల్లుడైన ఆ పెద్దాయన చేసిన తప్పంటూ ఏమీ లేదు, అసలు బాధే అది. ఇనుము చెక్కే లేత్ మిషను సొంతంగా పెట్టుకుని, పిలిస్తే పలుకుతూ, అత్తగారింట్లో కుళాయి దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా అన్నీ ఆయనే బాగుచేసేవాడు. "మా బావగారి చెయ్యి పడితే చాలండీ" అని భార్య అన్నప్పుడల్లా మనవాడికి ముద్ద దిగేది కాదు.

అలాంటిది, మామగారు పోయాక మూలపడి ఉన్న ఆయన పాత కారుని మళ్లీ నడిపించమని అత్తగారు చిన్నల్లుణ్ణి అడిగింది. ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఈ ఒక్క పనిలో పెద్దాయన్ని వేలు కూడా పెట్టనివ్వకూడదని ఒట్టు పెట్టుకుని, కారుని తన షెడ్డుకి లాక్కొచ్చాడు.

ఇంజను విప్పాడు, కడిగాడు, బిగించాడు. తీరా చూస్తే ఇంజన్ని చల్లబరిచే నీళ్ల పంపుకి ఒక్క బోల్టు తక్కువైంది. ఆ కాలపు కారు, బోల్టుకీ ఆ కాలపు మర. ఇప్పటి బోల్టుల్లో లావు సరిపోయినదానికి మర చుట్లు కలవవు. హార్డ్‌వేరు కొట్టాయన, నమూనాకని తీసుకెళ్లిన పక్క బోల్టుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా తాతల నాటిదండీ. మీ తోడల్లుడు గారినడగండి, ఇట్టే చేసిస్తారు" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. పాత ఇనప సామాన్ల కొట్లన్నీ గాలించాడు. డబ్బాలు బోర్లించి వేళ్లు నల్లబడేదాకా ఏరాడు. చివరికి ఒకటి దొరికింది, చూపుకి కవలపిల్లే.

రెండు చుట్లు వేళ్లతోనే ఎక్కింది. మూడో చుట్టుకి బిగుసుకుంది. అక్కడే ఆపాల్సింది. మర కలవని బోల్టు మొదట్లో ఇలాగే నమ్మిస్తుందని అతనికి తెలియంది కాదు. కానీ పెద్దాయన దగ్గరికి వెళ్లి నిలబడటం తల్చుకునేసరికి బుర్ర పనిచేయలేదు. పొడుగు పానా పట్టి బలంగా లాగాడు. కటుక్కుమంది. ఇక ఎంత తిప్పినా బోల్టు వదులుగా తిరుగుతూనే ఉంది. ఇంజను రంధ్రం లోపలి మర నుగ్గయిపోయింది.

పీకల మీదికొచ్చాక బింకమేమిటి? వెళ్లాడు.

"అన్నయ్యా, చిన్న పని పడింది."

"పద తమ్ముడూ" అంటూ పెద్దాయన చేతులు తుడుచుకుని బయల్దేరాడు. ఎందుకిలా చేశావని మాటవరసకైనా అడగలేదు. రంధ్రం కాస్త పెద్దది చేసి కొత్త మర కోశాడు. దానికి తగ్గ బోల్టు లేత్ మీద తీసి, పక్కవాటి పోలికలోనే తల తీర్చాడు. మెకానిక్కు తప్పు పట్టుకుందామని కళ్లు చికిలించి వెతికాడు. వేళ్లతో తిప్పితే సాఫీగా దిగిపోయింది. ఏడుపొచ్చింది.

కారు స్టార్టయిన రోజు అందరూ చుట్టూ చేరారు. అత్తగారు స్టీరింగు నిమిరి కళ్లొత్తుకుంది. "ఎంత పనిమంతుడివయ్యా! పెద్దల్లుడి సాయమేమైనా తీసుకున్నావా?"

చిన్నల్లుడు నోరు విప్పేలోపే పెద్దాయన అందుకున్నాడు. "లేదత్తయ్యా. మొత్తం తమ్ముడి పనే."

భార్య కళ్లు మెరిశాయి. ఆ చూపు కోసమే మనవాడు ఇన్నేళ్లుగా మొహంవాచి ఉన్నాడు. అయినా ఒళ్లు భగ్గుమంది. మెచ్చుకోలు కూడా ఈయన దానం చేస్తే పుచ్చుకోవాలా?

"అబద్ధం! మర చెడగొట్టింది నేను. బాగుచేసింది ఈయన. ఆ బోల్టూ ఈయనదే!" అని దొంగని పట్టించినట్టు అరిచాడు.

అత్తగారు బోల్టు వంక చూడనైనా లేదు. పెద్దల్లుడి వంకే చూస్తూ, "చూశావా, చేసి కూడా చెప్పుకోలేదు! ఎంత మంచి మనసో!" అంది కూతురితో.

"బావగారు మొదట్నుంచీ అంతేనమ్మా" అంది భార్య.