బుద్ధుడి బొటనవేలికి పసుపు

ఇవాళ సెలవు పెట్టి, శ్రీకాకుళం నుంచి బండి మీద కొండల దగ్గరున్న పెద్ద బుద్ధ విగ్రహం చూడడానికి వెళ్లాను. తలెత్తి చూస్తే మెడ పట్టేసింది, అంత ఎత్తు. ఫోటోలు తీసుకుంటుంటే ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడకు అందేది విగ్రహం పాదమే కనుక, కాలి బొటనవేలికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

నాకు ఒళ్లు మండింది. "అమ్మా, ఈయన బుద్ధుడు. మొక్కులూ పూజలూ వద్దన్న మనిషి," అన్నాను.

"తెలుసు బాబూ. మా అమ్మోరు ఆ ఎనకాల కొండ మీదున్నాది. ఆ కొండని పేల్సడానికి క్వారీలో బెజ్జాలేస్తన్నోడు నా కొడుకే. ఇంక ఏ మొకం ఎట్టుకొని ఆ తల్లికి దండం ఎట్టను? ఈయనకైతే మావేటీ సెయ్యలేదు గదా!"

నేను నోరు తెరిచేలోగా క్వారీ సైరన్ మోగింది. ఆవిడ ఆ బొటనవేలిని రెండు చేతులా పట్టుకుంది. పేలుడు అయిపోయాక కూడా వదల్లేదు. కొంతసేపటికి ఆవిడ ఫోన్ మోగింది. ఒక చెయ్యి వేలి మీదే ఉంచి, రెండో చేత్తో ఫోన్ ఎత్తింది. "ఆఁ, ఉన్నావా," అని కొడుకుతో ఒక్క మాట అని పెట్టేసింది. అప్పుడు వేలి మీది చెయ్యి తీసింది. రోజూ ఇంతేనట.

ఇంటికొచ్చి చూసుకుంటే, నా ఫోటోలన్నిటిలో బుద్ధుడి వెనక సగం కొండే ఉంది. మీలో ఎవరి దగ్గరైనా కొండ మొత్తం ఉన్న పాత ఫోటో ఉంటే పెట్టండి. దాన్ని ఆవిడకు చూపించాలో వద్దో కూడా మీరే చెప్పండి. నా ఉపదేశాలు ఇవాళ్టితో అయిపోయాయి.